రెండుసార్లు అద్దిన ఊపిరితిత్తులు

ఆ రోజు నేను త్రాసు చేత అబద్ధం చెప్పించాను. తెలిసి చేయలేదు. అయినా ఆ మాట వెనక దాక్కోను.

అరవై ఎనిమిదిలో మా యూనివర్సిటీ ల్యాబ్‌లో గుండె ఆపరేషన్ల గురించి పరిశోధన చేసేవాణ్ణి. ఆపరేషన్ సేపు గుండె పని పంపు చేస్తుంది. తర్వాత కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు. ఆక్సిజన్ చేసే హానే అందుకు కారణమనీ, దాన్ని అడ్డుకునే విటమిన్ ఇ ముందే ఇస్తే ఊపిరితిత్తులు దక్కుతాయనీ మా నమ్మకం. రెండు కుక్కల్ని పంపు మీద ఉంచి, ఒకదానికే మందిచ్చి, చివర రెండింటి ఊపిరితిత్తులనూ కాగితంతో పైతడి అద్ది జాగ్రత్తగా తూచాను. మందిచ్చినదానివి తేలిగ్గా వచ్చాయి, అంటే నీరు తక్కువ చేరిందన్నమాట. ఎగిరి గంతేశాను.

"సార్," అన్నాడు మా అటెండరు, విద్యార్థుల ముందే. "మందు కుక్కవి కాగితంతోని రెండుసార్లు అద్దిండ్రు. గీ కుక్కవి ఒక్కసారే."

"నీకేం తెలుసయ్యా? పోయి ట్రేలు కడుగు."

"మా మామది లాలాపేట్‌ల మటన్ దుకాణం. తడి తూకం నాకు నేర్పుతరా సార్?"

పిల్లలు నవ్వారు. బయటికి పొమ్మని అరిచాను.

"పోను. గా మందు ఇచ్చేది నా భార్యకే కద!"

నిజమే. వచ్చేవారం ఆమె గుండె కవాటానికి ఆపరేషన్. మా తూకాన్ని నమ్మి సర్జన్ ఆమెను పంపు మీద ఎక్కువసేపు ఉంచబోతున్నాడు. ఆ మందు గెలవాలని అందరికన్నా ఎక్కువ కోరుకోవలసినవాడు అడుగుతున్నాడు.

బల్ల చూశాను. రెండు కుక్కలకు తడి కాగితాలు మూడు.

"కాగితం ముక్క కోసం ఫలితం ఆపుతావా?" అన్నారు సంగతి విన్న మా ప్రొఫెసర్‌గారు.

"ఆపుతానండి. పత్రికకు పంపాలంటే నా పేరు కొట్టేసి పంపండి."

తార్నాకలో బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాను. ఈ మందు లేదనుకునే ఆపరేషన్ చేయమని సర్జన్‌కు చెప్పాను. "ఇప్పుడా చెప్పేది?" అని విసుక్కున్నాడు. పడ్డాను. పంపు సమయం తగ్గిస్తానని ఆయన ఒప్పుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు అదే విద్యార్థుల ముందు అటెండరును క్షమించమని అడిగాను. తర్వాతి జత కుక్కల రోజున ఏది మందు కుక్కదో మా ఇద్దరికీ తెలియకుండా ట్రేల మీది చీటీలు తీయించి, కాగితాలు అతని చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఎనకకు చూడొద్దు సార్," అన్నాడు.

చూడలేదు. అతను చెప్పిన అంకెలు చెప్పినట్టే రాసుకున్నాను.