టైలర్ తాతగారికి పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో మెడలో ఐడీ కార్డు, చేతిలో పెన్ను ఉంటే చాలు, ఎదుటి మనిషి బుర్రలో ఏముందో పావుగంటలో తేల్చెయ్యగలనని నాకు గట్టి నమ్మకం. (నా తాళాలు ఎక్కడ పెట్టానో మాత్రం రోజూ అమ్మనే అడిగేదాన్ని.) సైకాలజీ చదివి, నర్సీపట్నంలో ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో అప్పుడే చేరాను. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళని చూడ్డానికి వారానికోసారి వైజాగ్ నుంచి డాక్టరు మేడమ్ వచ్చేవారు. ఆవిడ చూసేలోగా జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టడం నా పని.

అలా వచ్చారు టైలర్ తాతగారు. ఒకప్పుడు కోటవురట్లలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆయన కుట్టినవే. ఇప్పుడేమో మనవరాలి నిశ్చితార్థం పట్టుచీరని శుభ్రంగా ముక్కలు కత్తిరించేశారని భార్యా కొడుకూ తీసుకొచ్చారు. "పడుకోబెట్టే మందేదైనా ఇయ్యండమ్మా. లేపోతే గదిలో ఎట్టి గొళ్ళెం ఎయ్యాల్సిందే" అన్నాడు కొడుకు. ఆయన భార్య, మామ్మగారు, కూర్చునే కునికిపాట్లు పడుతున్నారు.

నేను ఠీవిగా మొదలుపెట్టాను. "తాతగారూ, మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. చెట్టు, కుర్చీ, బిందె." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆది జాకెట్టు తెస్తే ఇవన్నీ గుర్తెట్టుకోనక్కర్లేదు కదమ్మా" అన్నారు. సరే, గడియారం బొమ్మ గీయమని కాగితం ఇచ్చాను. చక్కగా గుండ్రం గీశారు. అంకెలు వేస్తారని నేను చూస్తుంటే ఆయన గొంతు తగ్గించి, "మెడ ఇంత దిగిపోతే మీ అమ్మగారు ఒప్పుకోరు. ఇంకోపాలి ఆలోసించుకో" అన్నారు. (నిజమే, ఒప్పుకోదు.)

జబ్బు బాగా ముదిరిందని మేడమ్‌కి గొప్పగా చెప్పాను. "ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు? చెవులు వినిపిస్తాయా? ఏం మందులు వాడుతున్నారు?" అన్నారావిడ. అవేవీ నేను అడగనే లేదు. మేడమ్ మామ్మగారిని అడిగితే ఆవిడ సంచిలోంచి ఓ మాత్రల అట్ట తీశారు. తాతగారి దురదకని మందుల షాపువాడు ఇచ్చిందట. వేసుకుంటే ఆయనకి నిద్ర పడుతోందని రోజూ వేస్తున్నారట. "పెద్ద వయసులో ఇది బుర్రని ఇంకా మసక చేస్తుంది" అని మేడమ్ ఆపించేశారు. రక్తపరీక్షలు, స్కానింగూ చేయించారు. ఆ మాత్ర మానేశాక ఆయన కొంత తేరుకున్నారు కానీ, జబ్బు ఉన్నమాట నిజమే. "నేనిచ్చే మందు కొన్నాళ్ళు కొంచెం సాయం చేస్తుంది, నయం చెయ్యదు" అని కొడుక్కి దాచకుండా చెప్పారు మేడమ్. "పడుకోబెట్టే మందు వద్దు. ఆయనకి చేతినిండా పని కావాలి, మీ అమ్మగారికి నిద్ర కావాలి" అని, వారం వారం వాళ్ళింటికి వెళ్ళిరమ్మని నన్ను పురమాయించారు.

మొదటిసారి వెళ్ళినప్పుడే నా తెలివి చూపించాను. "తాతగారూ, మీ కొట్టు మూసేసి చాలా ఏళ్ళయింది" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "ఎవులు మూసీసారు?" అంటూ కొట్టు తాళాల కోసం సాయంత్రందాకా జేబులు తడుముకుంటూనే ఉన్నారు. ఈ సంగతి విని మేడమ్ నాకు మెత్తగా తలంటారు. ఆ తర్వాత వారం పాత నూలుగుడ్డలూ, మొండి కత్తెరా పట్టుకెళ్ళి, కొలతలు తీసుకోమని చేతులు చాపి నిలబడ్డాను. రెండు చేతులకీ వేరువేరు కొలతలు వచ్చాయి. "నీకు ఒక చెయ్యి పొట్టి. ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదేటి?" అని ఎంతో జాలిపడ్డారు.

కొడుకు చీరలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. తండ్రికి స్నానం చేయించడం తన వంతు చేసుకున్నాడు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మామ్మగారు చాప మీద ఒళ్ళు తెలీకుండా పడుకున్నారు. తాతగారు గుడ్డముక్కలు మడతపెడుతూ ఆగి, "ఆవిడెవులు?" అన్నారు. మీ ఇల్లాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "మీకేమైనా తెలుసా?" అన్నాను. "నాకు తెల్దు. బాగా అలిసిపోయినట్టుంది, లేపకమ్మా" అని చేతిలోని గుడ్డ విప్పి ఆవిడ కాళ్ళ మీద కప్పారు.

తల నెరుస్తున్న ఈ వయసులో ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. ఇప్పుడు పేషెంటు వెంట వచ్చినవాళ్ళని ముందుగా అడిగేది ఒకటే. "మీరు సరిగ్గా నిద్రపోతున్నారా?" ఇదేం ప్రశ్నని చాలామంది నవ్వుతారు. నవ్వుతూనే కుర్చీలో కూలబడతారు.