మా జేజి పనికొక ప్రార్థన

పోయిన ఆదివారం పులివెందులలో ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే, చర్చి గేటు పక్కన బల్ల వేసుకొని ఒకాయన అనుదిన ప్రార్థనల పుస్తకాలు అమ్ముతూ కనిపించాడు. ధర అట్ట మీద అచ్చయి ఉన్నా సరే, చేతిలోకి తీసుకున్న వస్తువుకు బేరమాడకుండా ఉండటం నాకు చేతకాదు కనుక, కొంచెం తగ్గించమన్నాను. ఇది దేవుని పని కదమ్మా అన్నాడాయన. దేవుని పనికి లాభం దేనికని నేను. చివరికి ఆయన ధర తగ్గించలేదు గానీ, అప్పటికే ఏడు నెలలు గడిచిపోయిన క్యాలెండరు ఒకటి ఊరికే ఇచ్చి నా నోరు మూయించాడు. ఏదో గెలిచినదానిలా దాన్ని చుట్టి చంకలో పెట్టుకొని ఇంటికి వచ్చాను. పుస్తకం తిరగేస్తే, పరీక్షకు పోయే పిల్లల కోసం, కొత్త బండి కొన్నప్పుడు, ఆపరేషనుకు ముందు, ఇలా ఒక్కొక్కదానికీ వాక్యంలోంచి తీసిన ప్రార్థన పేజీన్నర చొప్పున ఉంది. బాగానే ఉన్నాయి. కానీ మా జేజి వినుంటే, పేజీన్నర అయ్యేలోపు పొయ్యి మీది పాలు పొంగిపోవా అని అడిగేది.

జేజి అంటే మా నాయన తల్లి. మా తాత దువ్వూరు పక్క పల్లెల్లో మిషన్ బడి పంతులుగానూ, ఆదివారాలు ఉపదేశిగానూ పనిచేసి కాలం చేశాడు. జేజికి అక్షరం రాదు. తాత రోజూ గట్టిగా చదువుతుంటే విని విని కీర్తనలూ సువార్తలూ చెవితోనే పట్టేసింది. ఆమె పద్ధతి ఒకటే: పనికొక వాక్యం, ఆ వాక్యంలోంచి ఒక ప్రార్థన, ఆ ప్రార్థన పని కంటే పొడుగు కాకూడదు. గిన్నెలు తోమేటప్పుడు, పైన తళతళలాడి లోపల మురికిగా ఉండే గిన్నెలా నన్ను ఉంచవద్దనేది. కూరలో ఉప్పు వేసేటప్పుడు, సారం పోయిన ఉప్పుగా నన్ను చేయవద్దనేది. బావిలో నీళ్ళు చేదేటప్పుడు, ప్రభువు దాహమడిగిన సమరయ ఊరి ఆడమనిషిని తలచుకొని, దప్పికతో వచ్చినవాళ్ళ కులం అడగని బుద్ధి ఇమ్మనేది. ఇవేవీ కళ్ళు మూసుకొని చేసేవి కావు. పని చేసుకుంటూ, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టు అనేది.

మా నాయన ప్రొద్దుటూరు బజారులో ఒక శెట్టిగారి బట్టలంగట్లో గుమాస్తాగా చేరి, పదేళ్ళకు ఆయన చలవతోనే పక్కనే చిన్న అంగడి పెట్టుకున్నాడు. ఆ శెట్టిగారిని నేను శెట్టితాతా అని పిలిచేదాన్ని. ఆ రెండంగళ్ళ పరుపుల మీద దొర్లి పెరిగినదాన్ని కావడంతో, ఎక్కాలు రాకముందే కొంగు చూపించి అంచు దాచడం, లేచిపోయే మనిషిని రెండు మెట్లు దిగనిచ్చి వెనక్కి పిలవడం వచ్చేశాయి. అందుకేనేమో ఇంటర్ మాత్రం రాలేదు. రెండోసారి కూడా తప్పాక నన్ను అంగట్లోనే కూర్చోబెట్టారు.

అంగడి పనికి జేజి పెట్టిన ప్రార్థనలు రెండు. గజం బద్ద పట్టుకుంటే, తప్పుడు కొలత నీకు అసహ్యం ప్రభువా, నా బొటనవేలు జారనీకు అనాలి. పొద్దున పలకల తలుపులు తీసేటప్పుడు, కీర్తనలో అడిగినట్టే, నా నోటికి కావలి పెట్టు అనాలి. మొదటిది సరే. రెండోదానితోనే నాకు పేచీ. నోటితో బతికేవాళ్ళం ఆ నోటికే కావలి పెట్టించుకుంటే సాయంత్రానికి ఏం తినాలి? అందుకని దానికొక తోక తగిలించేదాన్ని, కావలి పెట్టు తండ్రీ, అట్లే మధ్యాహ్నానికి ఒక పెండ్లి బట్టల బేరం కూడా పంపు, పెద్ద కుటుంబమైతే మరీ మంచిది అని. తలుపు తీసేటప్పుడు తలుపు మాటే మాట్లాడు మే అని జేజి కసిరేది.

ఆ రోజులు ఎలాంటివో మన వయసువాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పార్టీ మారితే ఊరు రెండయ్యేది. ఊరు రెండయితే టీ అంగడి, మంగలి, చివరికి బస్సు ఎక్కే చోటు కూడా రెండయ్యేవి. జమ్మలమడుగు పక్క కొన్ని పల్లెల్లో నాటు బాంబులు ఏ గడ్డివాములో ఉంటాయో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పెద్దమనుషులు జీపు నిండా మనుషులు లేనిదే పొలిమేర దాటేవాళ్ళు కాదు. అయినా పెండ్లిళ్ళు ఆగవు, బట్టలకు రెండు వర్గాలూ ప్రొద్దుటూరే రావాలి. ఒక వర్గం ముందు మెట్లు ఎక్కుతుంటే ఇంకో వర్గాన్ని వెనక సందులోంచి సాగనంపి, ఇద్దరికీ ఒకే తానులోంచి చించి ఇచ్చిన రోజులున్నాయి.

అట్లాంటి ఒక ఎన్నికల ఏడాది, పెన్న అవతలి పల్లె నుంచి నాయనకు చిన్ననాటి స్నేహితుడైన ఒక రైతు, నేను పెదనాయనా అనే మనిషి, కూతురి పెండ్లికి పట్టుచీరలు ఎంచి పక్కన పెట్టించుకొని పోయాడు. ఆయన తమ్ముడు ఆ ఊళ్ళో ఒక వర్గానికి నాయకుడు. తమ్ముడి మీది పగ అన్న మీద తీర్చుకోవడం అక్కడ వింతేమీ కాదు. జీపులో వస్తే పదిమంది కళ్ళు పడతాయని, శుక్రవారం తొలి బస్సుకు భార్యతో కలిసి మామూలుగా వచ్చి మూట తీసుకుపోతానని నాయన ఒక్కడికే చెప్పాడు. పక్కనే చీరలు మడత పెడుతూ నేనూ విన్నాను.

బుధవారంనాడు అదే ఊరి నుంచి అవతలి వర్గం మనిషి ఒకాయన భార్యకు చీర కొనడానికి వచ్చాడు. గంటసేపు బేరం నడిచింది. నా ధర నుంచి నేను దిగను, ఆయన ధర నుంచి ఆయన ఎక్కడు, చూస్తుండగానే నాకు పంతం పెరిగింది. మీ ఊరివాళ్ళే ఇంత కొన్నారు, నువ్వు ఇంతకే వెనకాడుతున్నావా అని రోషం రేపడం మా బజారులో పాత ఎత్తు. అదే వేశాను.

"మీ ఊర్లోనే పెండ్లికి ఇట్లాంటివి పన్నెండు చెప్పినారన్నా. శుక్రవారం తొలి బస్సుకే మొగుడూ పెండ్లామూ వచ్చి తీసకపోతాండారు. నీకు ఒక్కదానికే ఇంత ఆలోచననా?"

ఆయన చీరను ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత నేను చెప్పిన ధరకే, మారుమాట లేకుండా, కొనుక్కొని వెళ్ళిపోయాడు. నా ఆనందం చూడాలి. ఎదురంగడికి కూడా వినపడేటట్టు చెప్పుకున్నాను. శెట్టితాత మాత్రం నవ్వలేదు. గంటసేపు లాగినోడు ఏ మాటకు ఒప్పుకున్నాడని అడిగాడు. చెప్పాను.

"ఆయప్ప చీర కొనలేదమ్మా," అన్నాడు శెట్టితాత. "శుక్రవారం కొన్యాడు."

ఊళ్ళో ఆ నెల పెండ్లి ఒక్క ఇంట్లోనే ఉందని, జీపు లేకుండా, వెంట మనిషి లేకుండా పెదనాయన ఏ బస్సులో దొరుకుతాడో నేనే చెప్పి పంపానని అప్పుడు బుర్రకెక్కింది. నాయన గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. ఆ ఊరికి ఫోను లేదు. పోలీసులకు చెబితే వాళ్ళ జీపు కంటే ముందు కబురు ఊరు చేరుతుంది. నాయనే పోతే, అంగడి మనిషి ఆ ఇంటి మెట్లెక్కినట్టు వాకిలి వాకిలికీ తెలిసి, అసలు మాట అక్కడే బయటపడుతుంది. ఇదంతా విని జేజి ఒకటే అంది, చీరల మూట ఎత్తుకొని పల్లెలు తిరిగే ఆడోళ్ళను ఎవురాపుతారని. పెదనాయన రానక్కర్లేకుండా పట్టుచీరలు మూట అడుగున పెట్టి, పైన నేతచీరలు పరిచి, గురువారం పొద్దున జేజీ నేనూ జమ్మలమడుగు బస్సెక్కాం.

బస్సుకు జేజి ప్రార్థన, దారిలో దెబ్బ తిని పడి ఉన్నవాణ్ణి చూసి పక్కగా తప్పుకుపోయే మనిషిని చేయవద్దని. నేను మాత్రం నా ధోరణిలో ఉన్నాను. పెదనాయన ప్రాణంతో ఉంటే తోక తగిలించడం మానేస్తాను, శనివారాలు ఉపవాసం ఉంటాను, ఈ సంగతి నా నోటి నుంచి పోయిందని మాత్రం వాళ్ళకు తెలియనీకు, అంగట్లో ఎవరో విన్నారని చెప్పుకుంటాను అని పెదవులు కదుపుతుంటే, జేజి నా తొడ గిల్లింది.

"ఏందే, దేవుని దగ్గర కూడా బేరమేనా?"

"అబ్రాహాము ఆడలేదా జేజీ? యాభై మంది నుంచి పదికి దించలేదా?"

"ఆయప్ప ఊరిని కాపాడేకి ఆడినాడు. నువ్వు నీ మొగం కాపాడుకునేకి ఆడతాండావు."



జమ్మలమడుగులో బస్సు మారి పల్లెలో దిగేసరికి, దారి పక్క మొదటి అరుగు మీదే కూర్చొని ఉన్నాడు బుధవారం నాటి మనిషి. ఏంది, అంగడి ఈడికే వచ్చిందే అన్నాడు. ఈ పిల్ల నోరు అంగట్లో పట్టక ఊర్లెంబడి తిప్పుతాండా నాయనా అంది జేజి, అందులో అబద్ధమేమీ లేదు. ఇంతలో ఆయన భార్య బయటికి వచ్చి మూట విప్పించింది. తొందరగా బయటపడాలని, ఆమె అడిగిన ధరకే ఇచ్చేద్దామని నా నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అక్కడే శెట్టితాత మొహం గుర్తుకొచ్చింది. బేరమాడకుండా ఒప్పుకున్నవాడు వేరే పని మీద ఉన్నాడని ముందురోజే కదా నేర్చుకున్నాను. నేను ఊరికే ఇచ్చేస్తే ఆయనకూ అదే తట్టదా? ఒక్క నేతచీర మీద, ఆమె చెయ్యి మూట అడుగుకు పోకుండా కొంగు చూపించి అంచు చూపించి, అంతకు ముందుగానీ తర్వాతగానీ ఎన్నడూ ఆడనంత మొండిగా బేరమాడాను. మధ్యలో ఆయన, రేపు అంగట్లో రద్దీనా అని, ఏమీ ఎరగనట్టు అడిగాడు. అంగడి సంగతి మా నాయనకు తెలుసు, నాకు చీర ధర తెలుసు, కావాల్నా వద్దా అన్నాను. ఆమె రెండుసార్లు ఇంట్లోకి పోయి వచ్చింది. ఆయనకు విసుగు పుట్టి, దీన్ని చేసుకునేవాడెవడో గానీ అని లేచి పోయాడు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగినట్టే తిరిగి పెదనాయన ఇల్లు చేరాం. ఆయన చేనికి పోయి ఉన్నాడు. పెద్దమ్మ ముందర పట్టుచీరలు పరిచి, రేపు బస్సెక్కవద్దనీ, మాట అవతలివాళ్ళకు తెలిసిపోయిందనీ చెప్పాను. ఎట్లా తెలిసిందని అడిగింది. జేజి నా వైపు చూడను కూడా చూడకుండా చీర మడత సర్దుతూ ఉంది. బస్సులో కట్టుకున్న కథ నోటిదాకా వచ్చింది.

"నేనే చెప్పినా పెద్దమ్మా," అన్నాను. "చీర అమ్ముకునేకి చెప్పినా."

ఆమె కూతురి చీరలు ఒక్కొక్కటే ఎత్తి పెట్టెలో సర్దుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. లేచి పోయి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, జేజి ఎదురుగా కూర్చొని, పెండ్లి గురించి కాదు, ఇంకో మాట అడిగింది.

"మీ దేవుడు మాకు తెలీదవ్వా. ఆయప్ప గడప దాటితే నా గుండె నిలబడదు. అప్పుడు అనుకునేకి ఒక మాట చెప్పిపో."

దానికి జేజి, గడప కాడ్నుంచి ఈది మలుపు దాకా ఎన్నడుగులని అడిగింది. ముప్పై రెండు అని పెద్దమ్మ తడుముకోకుండా చెప్పింది. ఆయన బయటికి పోయిన ప్రతిసారీ గడపలో నిలబడి లెక్కపెట్టేదన్నమాట. ఇతని పోకనూ రాకనూ నువ్వే చూసుకో, ఇతని కాలు జారనీకు, నువ్వు నిద్రపోని కాపరివి అని, కీర్తనలోంచి తీసి, ముప్పై రెండు అడుగులకు సరిపడా కుదించి, జేజి ఆమెతో మూడుసార్లు చెప్పించింది. మేము బయల్దేరేలోపు పెదనాయన వచ్చి, సంగతంతా విని, ఒక పొద్దు బస్సు తప్పితే ఏమిలేమ్మా అని నా తల నిమిరి భోజనానికి కూర్చున్నాడు.

శుక్రవారం తొలి బస్సును వంక దగ్గర కొందరు ఆపి, సీటు సీటూ చూసి, ఏమీ అనకుండా దిగిపోయారని కండక్టరు మా బజారులో చెప్పుకున్నాడు. పెండ్లి బాగా జరిగింది. మేమిచ్చిన పట్టుచీరల్లో ఒకటి అంచు దగ్గర రంగు వదిలిందని పెద్దమ్మ తర్వాత తగాదాకు కూడా వచ్చింది, నేనూ తగ్గలేదు. నోటికి కావలి ప్రార్థనకు తోక తగిలించడం మానేశానా అంటే, ఓ ఆర్నెల్లు మానేశాను.

జేజి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ప్రార్థనలు ఆమె పనులకు కొలిచి కుట్టినవి కనుక, పనులతోపాటే అవీ పోయాయి. బావి పూడ్చేశారు, మా ఇంట్లో గిన్నెలు మిషను తోముతుంది, గజం బద్ద పిల్లలకు చూపిస్తే అదేమిటని అడుగుతారు. సౌకర్యంగానే ఉంది, అబద్ధమెందుకు, బావి కోసం ఏడవను. కానీ ఒక్కోరోజు పొద్దునంతా పని చేసుకున్నాక, ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదే అనిపిస్తుంది. పెద్ద పుస్తకాల్లో పెద్ద ప్రార్థనలున్నాయి గానీ, ఉప్పు చిటికెడు వేసేంత సేపట్లో అయిపోయేది ఒక్కటీ దొరకదు.

కొన్నేళ్ళ కిందట ప్రొద్దుటూరులో మూడంతస్తుల బట్టలంగడికి పోతే, అక్కడ పెదనాయన, పెద్దమ్మ కనిపించారు, ముసలివాళ్ళయిపోయి, మనవరాలి పెండ్లికి చీరల కోసం. ఆ ఊరి రెండు వర్గాలూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నాయని, బుధవారం నాటి మనిషి కొడుకూ వీళ్ళ అల్లుడూ కలిసి కాంట్రాక్టులు చేస్తున్నారని చెప్పి పెద్దమ్మ నవ్వింది. జేజి చెప్పిన మాట ఇంకా అనుకుంటున్నావా పెద్దమ్మా అని అడిగాను. ఆమె మొదటి ముక్క అంది, ఆగిపోయింది. మతికి రాలేదమ్మా, అనుకొని శానా ఏండ్లాయ అంది. మా జేజి చేతి ప్రార్థన ఇంకొకటి పోయిందే అని నా మనసు చివుక్కుమన్న మాట నిజం. అంతలో పెదనాయన, ఎవరికీ చెప్పకుండా లేచి, చేతికర్ర ఊతంగా పట్టుకొని, అద్దాల తలుపు తోసుకొని, ఒక్కడే గడప దాటి రోడ్డు మీది జనంలోకి పోయాడు, టీ తాగడానికో ఏమో. పెద్దమ్మ చీర అంచును వెలుతురుకు పెట్టి చూసుకుంటూ ఉంది. తల కూడా ఎత్తలేదు.