గేస్ అయిపోనాది

మా వైపు జిల్లాల్లో చల్లబరిచే యంత్రాలకి ఒకటే జబ్బు వస్తుంది. గేస్ అయిపోవడం. తలుపు రబ్బరు చిరిగినా గేసే, ప్లగ్గు వదులైనా గేసే. వంటింటి సిలిండర్‌లాగా ఫ్రిజ్‌లో గేస్ కూడా రోజూ కాస్త ఖర్చయి ఒకనాటికి ఖాళీ అవుతుందని జనం నమ్మకం. ఎక్కడో కారితే తప్ప అది తరగదని నేను చీపురుపల్లి దగ్గర ఒక ఐటీఐలో ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నాను. నా దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్లే మొదటి నెల నుంచి ఇంటింటికీ తిరిగి ‘గేస్ అయిపోనాదండి’ అంటున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నా ఉద్యోగం.

ఒక మే నెలలో మా అక్క దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. అప్ప అని పిలుస్తాను. ఆమెది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు, చేపల వ్యాపారం. చేపలు దాచుకోడానికి ఇంట్లో పెద్ద ఫ్రీజర్ పెట్టె ఉంది.

“ఒరే, పెట్టె సల్లబడ్డం లేదురా. గేస్ అయిపోనాదంట” అంది.

“ఎవుడు సెప్పినాడు?” అన్నాను. చదువుకున్నాక నా మాట మారింది గానీ, కోపం వస్తే పాత మాటే వస్తుంది.

“మెకానిక్కొచ్చినాడు. రేపొచ్చి ఎక్కిస్తాడంట.”

“ఇప్పి సూసినాడా?”

“లేదు. సెయ్యెట్టి సూసినాడు.”

చెయ్యి పెట్టి జ్వరం చూడొచ్చు, అదీ ఉందో లేదో వరకే. ఆ మెకానిక్‌ని గడప తొక్కనివ్వొద్దని చెప్పి బండి తీశాను.

ఊరికే పరుగెత్తలేదు. అది సర్కారు చేపల వేట ఆపేసిన కాలం. రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉంటాయి, బావతో సహా మగాళ్లంతా వలలు అల్లుకుంటూ కూర్చుంటారు. దానికి ముందే అప్ప కోనాం, చందువ చేపలు కొని ఆ పెద్ద పెట్టె నిండా సర్దుకుంటుంది. ఆ రెండు నెలలూ ఇల్లు నడిచేది వాటి మీదే. అవి పాడైతే మళ్లీ కొందామన్నా సముద్రం ఇవ్వదు.

వసారాలో పెట్టె దగ్గరికి వెళ్లేసరికి కంప్రెసర్ మూలిగి, కాసేపటికి టక్కుమని ఆగిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. దాని పక్కనున్న చిన్న ఫ్యాన్ తిరగడం లేదు. ఇంతోటి దానికి గేస్ అట. ఫ్యాన్ ముందరి జాలీకి నీలం రంగు పాత వల ముక్క చుట్టి ఉంది.

“ఇదేటి బావా?”

“ఎలకలు దూర్తన్నాయని నేనే కట్టినాను” అన్నాడు బావ. గొంతులో గర్వం కూడా ఉంది.

“సముద్రంలో వేట లేదని ఫ్యానుకి వలేసినావా?”

బావ చుట్ట వెలిగించుకుని అవతలికి వెళ్లిపోయాడు. వల పోగులు ఊడి ఫ్యాన్ ఇరుసుకి జడలాగా చుట్టుకున్నాయి. బ్లేడుతో కోసి తీశాను. వేలితో తిప్పితే బరువుగా కదిలింది. మీటర్ పెట్టి చూశాను. మోటార్ దాకా కరెంటు వస్తోంది, లోపలి తీగచుట్ట తెగిపోయింది. తిరగలేక, ఆగలేక కాలిపోయింది పాపం.

అంతటితో ఊరుకుంటే నేను మాస్టారిని ఎలా అవుతాను. చుట్టుపక్కల నలుగురు చేరేసరికి పాఠం మొదలుపెట్టాను. గేస్ ఎక్కడికీ పోలేదు, లోపలి వేడిని బయటికి తోసేది ఈ ఫ్యానే, అది ఆగితే వేడి ఇక్కడే ఉండిపోతుంది, కంప్రెసర్ తట్టుకోలేక ఆగిపోతుంది అని చెప్పాను. అప్ప అంతా విని ఒక్కటే అడిగింది.

“సేపలుంటాయా?”

“సాయంత్రం లోపల బాగుచేస్తాను. మూత మాత్రం తియ్యకు.”

ఆమె మూత మీద గోనెసంచులు కప్పి, పైన పరుపు కూడా తెచ్చి వేసింది.

శ్రీకాకుళంలో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి కాగితం ఇచ్చాను. వోల్టులు, వాట్లు, వేగం, ఇరుసు లావు అన్నీ రాసి పెట్టుకున్నాను. దుకాణదారు నా వెనకాల ఏమైనా తెచ్చానేమోనని చూశాడు.

“పాత మోటార్ తేలేదేటి సార్?”

“అక్కర్లేదు. నేను దీనికి పాఠం చెప్పేవాణ్ణి.”

“ఎడమదా, కుడిదా?”

అతను ఏదో ఇంటి ఫ్యాన్ గురించి అడుగుతున్నాడనుకున్నాను. అసలు ఏమీ అనుకోలేదు, వినలేదు, అదీ నిజం. “మోటారయ్యా, చెప్పులు కాదు” అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

తెచ్చి బిగించాను. స్విచ్ వెయ్యగానే ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది. బావ మళ్లీ వచ్చి నిలబడ్డాడు. నేను అన్నానికి కూర్చుని రెండో ముద్ద కలుపుతుండగా టక్కుమంది. కంప్రెసర్ మళ్లీ ఆగింది.

వోల్టేజి తక్కువుందన్నాను. ఈ ఊళ్లో తీగలే అంత అన్నాను. అప్ప నా మాట వినకుండా జాలీ ముందు వంగి చీర చెంగు పట్టి చూస్తోంది. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. చెంగు ఎగరాల్సింది పోయి జాలీకి అతుక్కుపోయింది.

“ఒరే, గాలి ఎనక్కెల్తన్నాది. ఇదివరకు ఇక్కడ నిలబడితే నా కాళ్లకి ఏడిగాలి తగిలీది. ఇప్పుడు సీర లాగేత్తన్నాది.”

“నీకేటి తెలుసు” అనబోయాను. గాలి ఎటు మళ్లిందో ఒడ్డున నిలబడి చెప్పే ఇంట్లో పుట్టినవాళ్లం ఇద్దరమూ. అందులో ఒకడు చదువుకున్నాడు, అంతే తేడా.

మోటార్ మార్చేముందు చూడాల్సినవి ఐదని ప్రతి ఏడూ పిల్లల చేత రాయిస్తాను. వోల్టులు, వాట్లు, వేగం, ఇరుసు లావు. ఐదోది తిరిగే దిక్కు. ఎడమకా, కుడికా. పరీక్షలో ఆ ఐదోది వదిలేసినవాడికి మార్కు కోసి, నలుగురిలో నిలబెట్టి తిట్టేవాణ్ణి.  సిగ్గుతో అప్ప వైపు చూడలేదు.

పాత మోటార్‌నీ, కొత్తదాని డబ్బానీ సంచిలో వేసుకుని మళ్లీ శ్రీకాకుళం వెళ్లాను. ఎండకి రోడ్డు మెరుస్తోంది. దారి పొడుగునా నేను ఎవర్నీ తిట్టుకోలేదు, తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. దుకాణదారు నన్ను చూసి డబ్బా అందుకున్నాడు.

“సెప్పులు మార్సుకోడానికి వచ్చినారా సార్?” అన్నాడు.

ఈసారి కూడా అతను నవ్వలేదు. పాతదాన్ని చేత్తో తిప్పి చూసి, సరైనది ఇచ్చాడు.

అది బిగించాక వేడిగాలి నా కాళ్లని కొట్టింది. ఎప్పటిలాగే కంప్రెసర్ ఆగకుండా నడిచింది. పొద్దు వాలాక అప్ప పరుపు తీసి మూత ఎత్తింది. అడుగున చేపలు రాళ్లలాగే ఉన్నాయి. పై వరస మాత్రం మెత్తబడింది. వేలు నొక్కితే గుంట పడింది. రెండోసారి శ్రీకాకుళం వెళ్లడానికి ఆ పూట పోకపోతే అవీ నిలిచేవి. ఆమె కత్తిపీట తెచ్చుకుని వాటిని చీల్చి ఉప్పు పట్టించడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని ఉప్పు అందించాను.

పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, “పెట్టె బాగైనాదా?” అని అడిగింది.

“బాగైనాది. మా తమ్ముడొచ్చి గేస్ ఎక్కించినాడు” అంది అప్ప, తల ఎత్తకుండా. “సదువుకున్నోడు గదా.”

నేను దిద్దలేదు. ఇంకో గుప్పెడు ఉప్పు తీసి ఆమె చేతిలో పోశాను.