మొగిలి కనుమలో రెండు కార్లు

మునిరామయ్య ఎడమ మోకాలు వాయడం మొదలై ఏడాది దాటింది. చిత్తూరులో బెల్లం మండీ నడిపే రాజారత్నం దగ్గర అతను పంతొమ్మిదేళ్లుగా డ్రైవరు. ఆయన అంబాసిడర్లో తిరుమల కొండ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో అతనికే గుర్తు లేదు. మలుపు మలుపుకీ క్లచ్ తొక్కి తొక్కి ఆ కాలు అరిగిపోయింది. పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఈ సంగతి భార్య దేవకమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. యజమానికి తెలిస్తే బండి ఇంకొకరి చేతికి పోతుందని భయం.

1979 వేసవిలో రాజారత్నానికి స్పోర్ట్స్ కారు మీద మోజు పుట్టింది. మద్రాసు బ్రోకరు ఒకడు రెండు పాత కార్లు తెచ్చి చూపించాడు. రెండూ ఒకే రకం. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే విదేశీ బళ్లు. ఎర్రదానికి మామూలు గేర్లు. తెల్లదానికి క్లచ్చే లేదు, గేర్లు వాటంతటవే మారతాయి.

"నువ్వు తోలి సూసి చెప్పప్పా. నువ్వేదంటే అదే" అన్నాడు రాజారత్నం.

ముందు తెల్లకారులో ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని మునిరామయ్య పలమనేరు దారి పట్టాడు. బంగారుపాళ్యం దాటేదాకా ఎడమకాలు ఊరికే పడి ఉంది. బండి తోలుతుండగా ఆ కాలికి పని లేకపోవడం అదే మొదటిసారి. ఈ బండి అయితే ఇంకో పదేళ్లు ఉద్యోగం చేయవచ్చు.

మొగిలి కనుమ ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరిచింది గానీ బండి దానికి తగ్గట్టు కదల్లేదు. పైన మళ్లించి దిగుతుంటే, చేత్తో తక్కువ గేరుకు మార్చినా జారిపోతూనే ఉంది. బ్రేకు మీదే దించాల్సి వచ్చింది. కింద ఆపేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. రాజారత్నం అవేమీ గమనించలేదు.

"మెత్తగా పోతాండాదే!" అని మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఎర్రకారు తీశారు. దిగుడులో రెండో గేరు వేయగానే ఇంజనే బండిని పట్టి నిలిపింది. కానీ క్లచ్ రాయిలా ఉంది. మూడో మలుపులో మోకాలు మెలిపెడితే మునిరామయ్య పళ్లు బిగపట్టాడు.

తిరిగొచ్చి టీ తాగుతూ రాజారత్నం అడిగాడు: "తెల్లదే ఖాయం చేద్దామా?"

మునిరామయ్య గ్లాసు కింద పెట్టాడు. ఊ అంటే చాలు.

"వద్దయ్యా. దాని గేరుపెట్టె అరిగిపోయుండాది. దిగేటప్పుడు పట్టు నిలవదు. ఈడ బాగుచేసేవాడు గూడా లేడు. మిమ్మల్నో అమ్మగారినో కూర్చోబెట్టుకొని కొండకి పోవాల. ఎర్రదే తీసుకోండి."

"సరే, అట్లే కానీ."

"ఇంకో మాటయ్యా. ఎర్రదాన్ని నేను తోలలేను. కాలు పోయింది."

రాజారత్నం అతని మోకాలి వైపు చూశాడు. "ఎన్నాళ్లయింది?"

"ఏడాది పైనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నేను యాడికి పోవాల్నయ్యా?"

ఆయన ఎర్రకారు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "పక్కన కూచో. తోలేది నాకు నేర్పు" అన్నాడు.

అంబాసిడర్‌కు కొత్త డ్రైవరు వచ్చాడు. యాభై రెండేళ్ల రాజారత్నం ఎర్రకారు నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. "గేరు తగ్గించండయ్యా! క్లచ్ ఒక్కసారిగా వదలొద్దు!" అని అరిచి అరిచి మునిరామయ్య గొంతు బొంగురుపోయింది. ఒకసారి కాలవ గట్టు దాకా పోయి ఆగారు.

ఆయన మొదటిసారి భార్యతో కొండకు వెళ్లిన రోజు మునిరామయ్య పెందలాడే ఇంటికొచ్చాడు. దేవకమ్మ మోకాలికి ఆముదం రాస్తూ, "ఇంక నీకేం పని?" అంది.

"రేపట్నుంచి మండీ గేటు కాడ కూచోమన్నాడు."

"కూచునేదే గదా."

"ఆ, కూచునేదే" అన్నాడతను. మరి మాట్లాడే ఓపిక లేక అలాగే గోడకు ఆనుకొని, పట్టపగలే నిద్రపోయాడు.