మూడో అరలో అక్క

మా రక్తపరీక్షల గదిలో డీప్ ఫ్రీజర్ తాళంచెవి ఎప్పుడూ, మేమంతా పిన్నీ అని పిలిచే పెద్ద టెక్నీషియన్ కోటు జేబులోనే ఉండేది. ఎవరైనా అడిగితే కళ్లతోనే కాల్చేసేది. అందుకే ఆమెకు ఫ్రీజర్ పిన్ని అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. పక్క బల్ల దగ్గర రిపోర్టులు టైపు చేసేదాన్ని, నోరు ఊరుకోదు కదా.

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న ఆడవాళ్లు మూడు నెలలకోసారి మా దగ్గరికి వస్తారు. వాళ్ల రక్తంలో ఒక ప్రొటీన్ ఎంతుందో కొలుస్తాం. ఆ అంకె ఒక్కటే జబ్బును తేల్చేయదు గానీ, పోయినసారి కంటే బాగా పెరిగితే డాక్టరమ్మ ముఖం మారిపోతుంది. కొలవగా మిగిలిన సీరం, అంటే రక్తం మీద తేరిన పచ్చటి నీరు, రెండు నెలలు ఫ్రీజర్‌లో దాచి పారేయాలి. ఆ పని పిన్నిది. ఒక్కరోజు అటూఇటూ కానిచ్చేది కాదు.

ఒక్క ట్యూబు విషయంలో తప్ప. మూడో అరలో ఓ మూల ఉండేది. ఆమె అక్కది. అక్క పోయి నాలుగేళ్లయినా, పారేసే రోజు వచ్చినప్పుడల్లా దాన్ని కొత్త డబ్బాలోకి మార్చి దాచేది. ఒకసారి నా కంటపడింది.

“ఎవరికైనా చెప్పావో, నీ పని చెప్తా!” అంది. అంతలోనే ట్యూబు వైపు తిరిగింది. “రక్తం తీయడానికి అక్క చెయ్యి పట్టుకుంటే, ‘నా చెయ్యి పట్టుకోడానికి నీకు సూది వంక కావాల్సొచ్చిందటే’ అనేది. నిజమే. పెద్దయ్యాక మేం చేతులు పట్టుకుంది ఆ కుర్చీలోనే. ఆ చెయ్యి మళ్లీ కావాలనిపిస్తుందే. ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?”



ఈమధ్య పాత మెషీన్ పట్టుకుపోయి కొత్తది పెట్టారు. మొదటి వారంలోనే ఒక బస్సు డ్రైవరమ్మ అంకె నలభై నుంచి ఎనభైకి ఎగబాకింది. జబ్బు తిరగబెట్టిందా, మెషీనే ఎక్కువ చూపిస్తోందా? ఆమె పాత ట్యూబుంటే కొలిచి చూసేవాళ్లం. గడువు తీరిందని పిన్నే పారేసింది. ఫ్రీజర్‌లో ఉన్న మిగతావన్నీ చిన్న అంకెలవే, వాటిలో తేడా తెలియడం లేదు; నలభై దరిదాపుల్లోది ఒకటి కావాలి. స్కాన్‌కేమో రెండు వారాలు ఆగాలి. డ్రైవరమ్మ బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ “నిజం చెప్పెయ్యండమ్మా” అని అడుగుతోంది.

పిన్ని ఫ్రీజర్ ముందు నిలబడిపోయింది. అక్క ట్యూబు మీద, పాత మెషీన్ చూపించిన నలభైరెండు పిన్ని చేతిరాతలోనే ఉంది.

“వద్దులే పిన్నీ, కొంచెమే ఉంది. కొలిస్తే అయిపోతుంది” అన్నాను.

“తెలుసే” అంది.

గడ్డకట్టిన ట్యూబును ట్రేలో పెట్టి కరగనివ్వాలి. ఆమె గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. పద్ధతి కాదు. 

కొత్త మెషీన్ ఎనభైమూడు చూపించింది.

స్కాన్ ఎటూ చేయిద్దాం, కానీ ఈ పెరుగుదల మెషీన్ వల్లే అయ్యుంటుంది, భయపడొద్దని డాక్టరమ్మ చెప్పింది. డ్రైవరమ్మ నేరుగా మా గదిలోకొచ్చి పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్టీరింగు తిప్పీ తిప్పీ గరుకెక్కిన చెయ్యి.

“బస్సుకి టైమవుతోందక్కా” అని ఆమె రెండుసార్లు అనేదాకా పిన్ని ఆ చెయ్యి వదల్లేదు.