తొమ్మిది అడుగుల నీడ

ఆ గుంటూరు ప్రయాణం నుంచి మరుసటి మాఘం దాకా మా ఇంట్లో పోయినవి ఇవి. బస్సులో మర్చిపోయిన గొడుగు ఒకటి. మా అమ్మాయి కాలి వెండి పట్టీ ఒకటి. మా ఆవు రెండో ఈత దూడ. వానకి బూజు పట్టిన మిరపకాయలు ఆరు బస్తాలు. పట్టుమని పదిసార్లు తొడగని ఆడవాళ్ళ చెప్పులు ఒక జత. మా అక్క.

మొదటి నాలుగూ ఎలా పోయాయో నాకు తెలుసు. చివరి రెండింటి గురించే ఈ రాత.

దెయ్యాలనీ గాలినీ నేను ఏనాడూ నమ్మలేదు. పదకొండేళ్ళు శ్మశానం పక్క జొన్నచేలో కాపలా పడుకున్నాను. అక్కడ నాకు కనపడినవి నక్కలు, ఒకసారి ఒక ముంగిస. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు, కొలతలతో సహా రాస్తాను.

మాది మార్టూరు దగ్గర పల్లె. పత్తి, మిరప పండుతాయి. నేను బడికి పోయింది రెండేళ్ళు. మిగతా లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. ఒక పెద్ద రైతు దగ్గర కూలీల మేస్త్రీగా ఉండేవాణ్ణి. గడియారం లేదు. నీడని బట్టి పొద్దు చెప్పేవాణ్ణి.

ఎండలో నిటారుగా నిలబడి, తల నీడ ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, మడమకి బొటనవేలు ఆనిస్తూ అక్కడిదాకా అడుగులు లెక్కపెట్టాలి. ఎవరి నీడని వాళ్ళ పాదంతోనే కొలవాలి. అప్పుడు పొడుగువాడికైనా పొట్టివాడికైనా లెక్క ఒకటే వస్తుంది. ఏ నెలలో ఎన్ని అడుగులకి ఎంత పొద్దో నాకు నోటికి వచ్చు. మార్టూరు పోస్టాఫీసు గడియారంతో సరిచూసినప్పుడు ఐదు నిమిషాలకి మించి ఎన్నడూ తేడా రాలేదు. ఊళ్ళో నన్ను అడుగుల కోటయ్య అనేవారు.

ఈ నీడ కొలత ఒక్కటే నేను సొంతంగా నేర్చుకోనిది. చిన్నప్పుడు చేలో నా కాలి మడమ పట్టుకుని అడుగు మీద అడుగు వేయించింది మా అక్క రత్తమ్మ. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. నన్ను పెంచింది అక్కే. పెళ్ళైన మూడో ఏడు బావ పోతే మళ్ళీ మా ఇంటికే వచ్చేసింది.

అక్క మార్టూరు దాటి ఎరగదు. మిరపకాయల బళ్ళు తోలుకుని గుంటూరు పోయొచ్చిన వాళ్ళంతా జిన్నా టవర్ గురించి చెప్పేవాళ్ళు. ఆ టవర్ దగ్గర నిలబడి ఒక ఫోటో తీయించుకోవాలని ఆవిడ కోరిక. ఆ కోరికతో పాటు భయమూ ఉంది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు పెద్దవాళ్ళు అంటారు. నేను లెక్క చెప్పాను.

“మనూళ్ళో ఫోటో తీయించుకున్నవాళ్ళు పద్నాలుగు మంది అక్కా. పన్నెండు మంది గుండ్రాయిలా ఉన్నారు.”

“మిగతా ఇద్దరో?”

“ఒకడికి పాము కరిచింది. ఇంకొకాయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు.”

“పామునడిగావేంట్రా, ఎందుకు కరిచావని?”

అలా నవ్వుతూనే ఒప్పుకుంది. ఒప్పించింది మాత్రం నేను.

నయాపైసలు వచ్చిన మరుసటి వేసవి అది. కళ్ళాలు ఎత్తేశాక పది రోజులు పని ఉండదు. నేను, నా భార్య సీతారావమ్మ, ఏడేళ్ళ మా అమ్మాయి, అక్క గుంటూరు వెళ్ళి మా ఆవిడ పినతండ్రి ఇంట్లో మూడు రోజులున్నాం. మొదటిరోజే అక్కని వెంటబెట్టుకుని బ్రాడీపేటలో ఒక ఫోటో స్టూడియోకి వెళ్ళాను. నడిపే ఆయన పేరు మస్తాన్ గారు. లోపల పూలతోట, హంసలు వేసిన తెర ఒకటి వేలాడుతోంది. దాని ముందు తీస్తే ఖర్చు తక్కువన్నారు. అక్క ఆ తెర వైపు చూసి పెదవి విరిచింది.

“బొమ్మ తోట ముందు నిలబడితే ఇంతదూరం రావడం దేనికండీ? టవర్ పడాలి.”

“అక్కడ బళ్ళు, జట్కాలు, జనం అమ్మా. మీ ఇంటివాళ్ళే పడాలంటే ఎలా కుదురుతుంది?”

“జనం రాకముందే వద్దాం,” అన్నాను. “ఎల్లుండి పద్దెనిమిది అడుగుల పొద్దుకి రండి.”

పుస్తకంలో రాసుకోబోయిన ఆయన కలం ఆపారు. “అడుగులేంటండీ? మీ ఊళ్ళో గడియారాలు నడిచి వెళ్తాయా?”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దున్న ఏడుంపావు అని చెప్పాను. అలాగే రాసుకుని అడ్వాన్సు తీసుకున్నారు.

అనుకున్న రోజు అనుకున్న వేళకి మస్తాన్ గారు ముక్కాలిపీట మీద పెట్టే పెద్ద కెమెరాతో వచ్చారు. టవర్ మా వెనక. మేం తూర్పు ముఖంగా నిలబడ్డాం. సూర్యుడు మాకు ఎదురుగా, ఆయన వీపు మీద. టవర్ మొత్తం పడాలని మా పక్కన ఖాళీ బాగా వదిలారు. అక్క ఆ ఖాళీ వైపు చివర, మురుగుకాలువ మూతబండకి మడమలు ఆనించి నిలబడింది. అలవాటు కొద్దీ నా నీడ కొలుచుకున్నాను. వెనక్కి, సరిగ్గా పద్దెనిమిది అడుగులు.

“ఇక్కడ కూడానా?” అని మా ఆవిడ విసుక్కుంది. ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, “కళ్ళు చికిలించకండమ్మా,” అన్నారు. ఒక్కటే గాజుప్లేటు, ఒక్కటే ఫోటో. అంతే.

పన్నెండో రోజున ఫోటో పోస్టులో వచ్చింది. అక్క దాన్ని వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూసింది.

“నా ముక్కు ఇంత లావని ఒక్కళ్ళూ చెప్పలేదేమే,” అంది మా ఆవిడతో. తర్వాత ఊళ్ళో వాళ్ళంతా వచ్చి చూసి పోయారు. అందరూ టవర్ని చూశారు, ముక్కుని చూశారు.

నేను నీడలు చూశాను. నా నీడ, మా ఆవిడది, అమ్మాయిది ఉండవలసినట్టే వెనక్కి పడ్డాయి. అక్క నీడ ముందుకి పడింది. ఆవిడ కాళ్ళ దగ్గర మొదలై, కెమెరా వైపు వచ్చి, బాగా కుడికి వాలి, మూల విరిగిన ఇంకో రాతిబండ దగ్గర ఆగింది. భుజం మీద కొంగు మడతతో సహా కనిపిస్తోంది.

ఫోటో తీసిన ఆయన నీడేమో అనుకున్నాను. అది ఎడమవైపు వేరుగా ఉంది, ముక్కాలిపీట కాళ్ళతో సహా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత అక్క పాదం కొలత పురికొసతో తీసుకున్నాను. చెప్పులు కుట్టిస్తానన్నాను. “నలభై ఏడేళ్ళకి గుర్తొచ్చాయా నా కాళ్ళు,” అంటూనే సంతోషంగా పాదం చాపింది. ఆ పురికొస జేబులో పెట్టుకుని, పత్తి గింజల పని అని అబద్ధం చెప్పి గుంటూరు వెళ్ళాను.

మస్తాన్ గారు గాజుప్లేటు తీసి వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. ప్లేటు మీద నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుందట. అక్క నీడ తెల్లగా మెరుస్తూ కనిపించింది. వాడిన ప్లేటు మళ్ళీ వాడారేమోనని అడిగాను. అలా అయితే టవర్ కూడా రెండు పడాలి కదా అన్నారు. అది నిజమే. ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

“ఇది నా చేతి పనేనండీ. ఆ నీడ సంగతి మాత్రం నన్నడక్కండి,” అన్నారు చివరికి. “ఆవిడని తీసుకురండి, ఇంకోటి తీసిస్తాను. డబ్బులొద్దు.”

అక్కడినుంచి టవర్ దగ్గరికి వెళ్ళాను. మూతబండ అంచు నుంచి మూల విరిగిన బండ దాకా పురికొసతో కొలిచాను. జట్కావాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ తొమ్మిదే.

తూర్పుకి పడింది కాబట్టి అది మధ్యాహ్నం తిరిగాక పడే నీడ. ఫోటోలో కుడివైపు, అంటే ఉత్తరానికి వాలింది. వేసవిలో సాయంత్రపు నీడ దక్షిణానికి వాలుతుంది. ఉత్తరానికి అంతగా వాలేది పుష్యమాఘాల్లో. ఆ నెలల్లో తొమ్మిది అడుగులంటే మధ్యాహ్నం మూడు గంటలు. ఈ లెక్కలో తప్పు కనిపెట్టాలని చాలా చూశాను. కనపడలేదు.

ఇంకో ఫోటో తీయించుకుందాం రమ్మని అక్కని అడిగాను. “ఒక్కదానికే ఊరంతా వచ్చి చూసింది. రెండోది దేనికిరా,” అంది.

చెప్పులు వచ్చాయి. పండక్కీ పబ్బానికీ తొడిగి, తుడిచి, పెట్టె మీద పెట్టేది.

పుష్యం వచ్చింది. మిరపకాయలు కోతకొచ్చాయి. మేం కౌలుకి చేసే ఎకరన్నర చేను దగ్గర కళ్ళంలో అక్క కాయలు ఆరబోసి తిరగేస్తుండేది. నేను పనిచేసే పెద్ద రైతు చేను అక్కడికి రెండు ఫర్లాంగులు. పుష్యం మొదటిరోజు నుంచి నా నీడ ఎనిమిదిన్నర అడుగులయ్యేసరికి కూలీలకి ఏదో ఒకటి చెప్పి కళ్ళం దారి పట్టేవాణ్ణి. తొమ్మిది దాటి పది అయ్యేదాకా అక్క పక్కన కూర్చుని, మజ్జిగ తాగి, తిరిగి వచ్చేవాణ్ణి.

నమ్మనివాణ్ణి ఎందుకు వెళ్తున్నానని నన్ను నేనే అడుక్కున్నాను. “మీ అక్కేమన్నా చంటిపిల్లా, రోజూ పోయి చూసి రావడానికి?” అని మా ఆవిడ కూడా అడిగింది.

ఒకరోజు అక్క కాయలు తిరగేస్తూ తల ఎత్తకుండానే అంది. “ఏరా, రోజూ తొమ్మిది అడుగుల పొద్దుకే నేను గుర్తొస్తానా నీకు?”

తొమ్మిది అన్న మాట నేను ఎవరి దగ్గరా అనలేదు. నీడ కొలవడం నాకు నేర్పిన మనిషి ఆ ఫోటోని అంతసేపు చూసి ముక్కు ఒక్కటే చూసిందా అని అప్పుడు అనుమానం వచ్చింది.

“మజ్జిగ కోసం వస్తున్నాలే,” అన్నాను.

“సరే అయితే, మానకు,” అంది.

యాభై మూడు రోజులు మానలేదు.

యాభై నాలుగో రోజున పెద్ద రైతు చేలో కోసిన గంపల లెక్కలో ఒకటి తక్కువ వచ్చింది. నా నీడ ఎనిమిదిన్నర అయిందని చూశాను. ఒక్క గంపే కదా, తేల్చి పోదామనుకున్నాను. మొదటినుంచి లెక్కపెట్టాను. మళ్ళీ ఒకటి తక్కువ. కూలీలు గొణుగుతున్నారు. తేలని లెక్క వదిలి వెళ్ళడం నాకు చేతకాదు. మూడోసారి లెక్కపెట్టాను. తర్వాత పరిగెత్తాను.

అక్క కళ్ళం అంచున ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. కాళ్ళకి కొత్త చెప్పులున్నాయి. కళ్ళం దగ్గర ఆవిడ ఏనాడూ చెప్పులు తొడగలేదు. పక్కన మజ్జిగ ముంత మూత పెట్టి ఉంది.

పక్క కళ్ళంలో పనిచేసే వెంకాయమ్మ అప్పటికే అక్క తల ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“తమ్ముడొచ్చే పొద్దయింది, వాడొస్తే తాగుతాం అని ముంత పెట్టుకుని కూర్చుందయ్యా. దారి వంకే చూస్తా ఉంది. నేను కాయలు తిరగేసి ఇటు తిరిగేతలికి ఇలా ఉంది.”

“అప్పటికి నీడ ఎన్ని అడుగులుంటుంది?” అని అడిగాను.

“నీ లెక్కలు తగలెయ్య, ఇప్పుడా అడిగేది,” అని ఏడ్చింది.

సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. అక్క పక్కన నిటారుగా నిలబడి నా నీడ కొలిచాను. పదకొండు అడుగులు.

చెప్పులు ఆవిడతోనే పంపించాం. గంపలు మర్నాడు ఇంకొకళ్ళు లెక్కపెడితే సరిపోయాయి. ఒక్కటి కూడా తక్కువ లేదు. మూడుసార్లు వరుసగా నాకు లెక్క తప్పడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. ఫోటోలో మా ముఖాలు పసుపురంగుకి తిరిగాయి. అక్క నీడ ఇంకా నల్లగానే ఉంది. చూపించిన ప్రతివాళ్ళూ ఏదో ఒక కారణం చెప్పారు. ఒక్కటీ కొలతకి నిలబడలేదు. నా దగ్గరా ఏ కారణమూ లేదు. వేళకి వెళ్ళి ఉంటే అక్క బతికేదా అన్నది నాకు తెలియదు. ముంతలో మజ్జిగ తాగేది. అంతవరకు తెలుసు.

ఫోటోలో ఉన్నది తొమ్మిది. నేను వెళ్ళింది పదకొండుకి. మాఘంలో ఆ తేడా అరగంట.

అక్కకి నేను ఇంకా బాకీ ఉన్నది రెండు అడుగులు.