అరీఫక్క ఇచ్చిన ఓవర్

అరీఫక్క పోయింది. మొన్న పొద్దున్నే ఒమాన్‌లోని బర్కా ఊరి పోలీసమ్మ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపింది. "సిస్టర్, అరీఫా చలీ గయీ. ఫోన్ చెయ్యి, నీకు ఓవర్ ఇవ్వాలి" అని హిందీలో రెండు ముక్కలు. నేనప్పుడు పెరట్లో చేపలు కడుగుతున్నాను. తడిచేత్తోనే రెండోసారి విన్నాను, మూడోసారీ విన్నాను. డెబ్బై దాటినదాన్ని, బతుకంతా నర్సుగా చేసినదాన్ని, చావులు నాకు కొత్త కాదు. అయినా మా కోడలు వచ్చి కుళాయి కట్టేదాకా నీళ్ళు పారిపోతున్న సంగతే నాకు తెలియలేదు.

ఎవరీ అరీఫక్క అని మీరడుగుతారు. చెబుతాను.

ఒమాన్‌లో, డెబ్బైల నడుమ, రుస్తాఖ్ ఊరు దాటి లోపలికి వెళ్తే కొండ కింద ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. ఇప్పుడది లేదు. పన్నెండు మంచాలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులం. నాది నరసాపురం పక్క పల్లె. రెండో అమ్మాయిది గుంటూరు. ఇద్దరిదీ ఒకే రూమ్. మా ఆస్పత్రికి ఎదురుగా పోలీసు ఠాణా, అందులో ఒకే ఒక ఆడమనిషి. అరీఫా అనేది ఆవిడ పేరు కాదు, హోదా. మన హెడ్ కానిస్టేబుల్ లాంటిది. మేం దానికి అక్క తగిలించి అరీఫక్క చేశాం. ఇండియాలో ఆ హోదాని ఇలా అంటారేమోనని ఆవిడ చాలా రోజులు అనుకుందట. పెద్ద తోబుట్టువుని అలా పిలుస్తాం అని చెబితే కళ్ళు పెద్దవి చేసి, "మా భాషలో దాదా అంటాం" అంది. ఆవిడ వాళ్ళు జాంజిబార్ దీవి నుంచి తిరిగొచ్చిన ఒమానీలు. ఇంట్లో మాట్లాడేది స్వాహిలీ. మా గుంటూరమ్మాయి పడీ పడీ నవ్వింది. "పోలీసుని పట్టుకుని దాదా అని పిలవాలంటనే! మా ఊళ్ళో అయితే లోపలేస్తారు" అంది. దాదా అంటే మా దగ్గర రౌడీ అని చెప్పాక అరీఫక్క కూడా నవ్వింది. అప్పటినుంచి మాతో జట్టు కుదిరింది.

దేశం మొత్తంలో ఆడ పోలీసులు అప్పుడప్పుడే మొదలయ్యారు. ఈ ఠాణాలో ఒకరు, ఆ ఠాణాలో ఒకరు. మగవాళ్ళ మధ్య ఒంటరిగా కూర్చుని, ఇంట్లో చుట్టాల మాటలు పడి, ఇరవై నాలుగు గంటలూ మెడ నిటారుగా పెట్టుకుని బతికారు. అరీఫక్క మెడ మాత్రం ఎవరో చెబితే నిటారుగా పెట్టుకున్నట్టు ఉండేది కాదు, పుట్టుకతోనే అంతే. జేబులో ఎప్పుడూ లవంగాలుండేవి. భయంతో నోరు పెగలని ఆడమనిషి ఎదురుగా కూర్చుంటే ప్రశ్నలు మానేసి ఒక లవంగం చేతిలో పెట్టేది. "నములు. దవడ వదులైతే మాట అదే వస్తుంది" అనేది. మాకు జ్వరం వచ్చినా అదే మందు. మేమిద్దరం నర్సులమన్న లెక్క కూడా ఉండేది కాదు ఆవిడకి.

మా పనిలో ఓవర్ అని ఒక మాట ఉంది. డ్యూటీ దిగే నర్సు డ్యూటీ ఎక్కే నర్సుకి ఒక్కో మంచం దగ్గర నిలబడి, ఈ మనిషికి ఇది జరిగింది, ఇది ఇచ్చాం, ఇది చూడాలి అని అప్పజెప్పాలి. అది ఓవర్ ఇవ్వడం. విన్నది కళ్ళతో చూసుకుని సంతకం పెట్టడం ఓవర్ తీసుకోవడం. ఒకరోజు పొద్దున అరీఫక్క దెబ్బలు తిన్న ఒకావిడని మా వార్డుకి తీసుకొచ్చి, మేం ఓవర్ ఇచ్చుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి చూసింది. పన్నెండో మంచం దాకా మా వెంటే వచ్చింది. "రోజూ ఇలాగే చేస్తారా?" అని అడిగింది. రోజుకి రెండుసార్లు అన్నాను గొప్పగా.

ఆవిడ బల్ల మీద కూర్చుని చెప్పింది అప్పుడు. అంతకు ముందు ఏడాది ఒక అమ్మాయిని వాంగ్మూలం కోసం రాజధానికి పంపారట. దారిలో మూడు బండ్లు మారాయి, మూడింట్లోనూ మగవాళ్ళే. ఎవరూ ఏమీ అనలేదు, చెయ్యలేదు. కానీ చేరేసరికి ఆ పిల్ల నోరు పూర్తిగా మూసేసుకుంది. కేసు పోయింది. "తప్పు ఎవరిదీ కాదు సిస్టర్. ఆ పిల్లని ఎవరూ తీసుకోలేదు, అంతే. సామాను చేర్చినట్టు చేర్చారు" అంది.

వారం తిరక్కుండా అరీఫక్క తన పద్ధతి మొదలుపెట్టింది. కష్టంలో ఉన్న ఆడమనిషి ప్రయాణం చెయ్యాలంటే ఒక పోలీసమ్మ చేతి నుంచి ఇంకో పోలీసమ్మ చేతికే వెళ్ళాలి. మా ఠాణా నుంచి సముద్రం ఒడ్డున బర్కా దాకా ఈవిడ, బర్కా నుంచి రాజధాని దాకా అక్కడి పోలీసమ్మ. కలిసిన చోట ఇద్దరూ చిన్న పుస్తకాలు తీసి, చూసినది చూసినట్టు పైకి చదువుకోవాలి. విన్నావిడ ఆ మనిషి చెయ్యి పట్టుకుని "ఇస్తలమ్త్" అనాలి. అంటే తీసుకున్నాను, ఇక నాది అని. ఆ మాట అనేదాకా ఇచ్చినావిడ చెయ్యి వదలకూడదు. బండి కనుమరుగయ్యేదాకా వీపు తిప్పకూడదు. పై అధికారి ఇదంతా ఆడవాళ్ళ ఆట అనుకున్నాడట. ఆర్నెల్లు చూసి ఊరుకున్నాడు.

బర్కా పోలీసమ్మ బలూచీ మనిషి, అరీఫక్క కన్నా ఐదారేళ్ళు చిన్న. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఉద్యోగం మానెయ్యమని పట్టుబట్టింది. రాజీనామా కాగితం రాసుకుని అరీఫక్కకి చూపించింది ఈవిడ. అరీఫక్క సెలవు పెట్టి వాళ్ళింట్లో రెండు రోజులుండి, మూడో రోజు అత్తగారిని ఠాణాకి వెంటపెట్టుకెళ్ళి, ఆడవాళ్ళు ఫిర్యాదు చెప్పుకునే గదిలో కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి అత్తగారు బయటికొచ్చి కోడలితో, "నువ్వు మానేస్తే వీళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?" అందట. ఈ కథ బర్కా పోలీసమ్మ నాకు వందసార్లు చెప్పింది. వందసార్లూ అత్తగారి గొంతుతోనే చెప్పింది.

ఇక నా సంగతి. దాచుకోవాల్సినదే, కానీ అరీఫక్క గురించి రాస్తూ దాన్ని దాటెయ్యలేను.

ఒక సాయంత్రం కొండ ఊరి నుంచి పురిటినొప్పుల మనిషిని తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మేమిద్దరమే నర్సులం కాబట్టి వార్డు వదలలేక, డాక్టరుగారే బండిలో రాజధానికి తీసుకెళ్ళారు. అటునుంచి అటే సెలవు మీద తన దేశం విమానం ఎక్కేశారు. ఆ హడావుడిలో మా గుంటూరమ్మాయి నాకు ఓవర్ ఇచ్చింది. నొప్పి తగ్గించే మత్తు ఇంజెక్షన్లు తాళం బీరువాలో ఉంటాయి, ఒక్కొక్కటి లెక్కపెట్టి సంతకం పెట్టాలి. "అన్నీ ఉన్నయ్ లేవే, పెట్టెయ్" అంది. పెట్టేశాను.

మర్నాడు పొద్దున, ఇంకో ఓవర్ కాకముందే తనిఖీకి వచ్చారు. రెండు సీసాలు తక్కువ. పుస్తకంలో అన్నీ ఉన్నట్టు చివరి సంతకం నాది. డాక్టరుగారే బండిలో తీసుకెళ్ళి ఉంటారని మేం మొత్తుకున్నాం. ఆయన రాయలేదు. పేషెంటుతో పంపిన కాగితంలోనూ ఆ మాట లేదు. మీరు అనుకున్నది సాక్ష్యం కాదన్నారు. విచారణకి రాజధానికి పంపాలన్నారు.

మా అమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయా. వార్డులు తుడిచి నన్ను నర్సుని చేసింది. విమానం ఎక్కేముందు నా తెల్లటోపీకి గంజి పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా తనే పెట్టెలో సర్దింది. మత్తుమందు దొంగ అని ముద్ర వేసి పంపితే ఆ టోపీ ఇక ఏ ఆస్పత్రిలోనూ పెట్టుకోలేను. మా అమ్మ ఆ వార్డుల్లోనే తలెత్తుకుని నడవలేదు. గుంటూరమ్మాయి గోడకి తల కొట్టుకుంది. "నావల్లేనే, నేను చూడకుండా చెప్పా. ఆళ్ళకి నేనే చెప్తా" అని ఏడ్చింది. చెప్పింది కూడా. అయినా సంతకం సంతకమే.

నన్ను తీసుకెళ్ళడానికి వచ్చింది అరీఫక్కే. నాతో ముందురోజు దాకా ఆవకాయ తిన్న మనిషి, ఆ పొద్దున అక్కా అని పిలిస్తే పలకలేదు. "డ్యూటీలో ఉన్నాను" అంది. బండిలో నా పక్కన కూర్చుని పుస్తకం తీసి, ఏం చూశావు, ఏం చూడలేదు అని వరసగా అడిగింది. ఓవర్ తీసుకునేటప్పుడు లెక్కపెట్టావా అని అడిగింది. లేదన్నాను. రాసుకుంది. ఆవిడ నన్ను కాపాడుతుందని ఆశపడ్డాను, చూశారా, ఆ 'లేదు' ఆవిడ రాసుకుంటుంటే కోపం వచ్చింది నాకు. ఇంత స్నేహం చేసి ఇదా అనుకున్నాను. ఒక లవంగం చేతిలో పెట్టింది. నమల్లేదు, కిటికీలోంచి పారేశాను.

మట్టిరోడ్డు మీద మూడు గంటలు కుదుపులు తిని బర్కా చేరాం. ఠాణా ముందు రేకుల నీడలో బర్కా పోలీసమ్మ నిలబడి ఉంది. అరీఫక్క నా చెయ్యి పట్టుకుని బండి దింపి, అలాగే పట్టుకుని పుస్తకం పైకి చదివింది. ఎవరీ మనిషి, ఏ రోజు, ఏ బీరువా, ఎన్ని సీసాలు, ఎవరి సంతకం. లెక్కపెట్టలేదని ఒప్పుకున్నది కూడా చదివింది. డాక్టరు పురిటి మనిషిని బండిలో తీసుకెళ్ళాడు, ఇంజెక్షన్లు ఆయన తీసుకెళ్ళాడని నర్సులు అంటున్నారు, చూసినవాళ్ళు లేరు అని చదివింది.

"ఠెహరో" అంది బర్కా పోలీసమ్మ. ఆగమని. తన పుస్తకం తీసి వేలు తడిచేసుకుని నాలుగు పేజీలు వెనక్కి తిప్పింది.

ఆ సాయంత్రం ఆ బండి బర్కాలో ఆగిందట. పురిటి మనిషి నొప్పికి మెలితిరిగిపోతుంటే పట్టుకోవడానికి ఆడతోడు లేక డాక్టరుగారే ఠాణాలోకి పరిగెత్తి వచ్చారట. ఈవిడ వెళ్ళి బండెక్కి, ఆవిడ చెయ్యి పట్టుకుని రాజధాని దాకా వెళ్ళింది. పోలీసు కేసు కాదు. ఎవరూ రాయమనలేదు. కానీ అరీఫక్క నేర్పిన అలవాటు, చెయ్యి పట్టుకుంటే పుస్తకం తెరవాలి. అరబ్బీలో తను రాసుకున్నది చదివి, నా కోసం హిందీలో చెప్పింది. "నేను ఎక్కేసరికి ట్రేలో మెడ విరిచిన చిన్న గాజు ఇంజెక్షన్ సీసా ఒకటి ఉంది. డాక్టరు నా ముందు ఇంకొకటి విరిచి సూది ఇచ్చాడు. మొత్తం రెండు."

నేను గబుక్కున అరీఫక్క వైపు తిరిగాను. అరీఫక్క ముఖంలో మాత్రం ఏమీ మారలేదు. "అది కూడా కలిపి చదువు" అంది. మొదటి నుంచి చివరిదాకా రెండు పుస్తకాలూ కలిపి మళ్ళీ చదువుకున్నారు ఇద్దరూ, నా చెయ్యి ఇంకా అరీఫక్క చేతిలోనే ఉంది. అప్పుడు బర్కా పోలీసమ్మ నా రెండో చెయ్యి అందుకుని "ఇస్తలమ్త్" అంది. అరీఫక్క వదిలింది. బండి కదిలాక వెనక్కి చూశాను. దుమ్ములో నిటారుగా నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. మేం కనిపించినంత సేపూ అక్కడే ఉంది.

రాజధానిలో విచారణ గంటలో అయిపోయింది. ఆ పురిటి మనిషి ఇంకా అక్కడి వార్డులోనే ఉంది, మగపిల్లవాణ్ణి పక్కలో వేసుకుని. రెండు సూదులు గుర్తున్నాయని తనూ చెప్పింది. నన్ను వదిలేశారు. లెక్కపెట్టకుండా సంతకం పెట్టినందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. అది నాకు రావలసిందే.

తిరిగి వచ్చాక అరీఫక్క మా రూముకి వచ్చింది. వాటేసుకుంటుందనుకున్నాను. కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుని, "నాకు నేర్పింది నువ్వు" అంది. అంతే. ఆ మూడు ముక్కలకి నాకు వచ్చినంత ఏడుపు విచారణలో రాలేదు. ఏడవనిచ్చి, ఆ తర్వాత అంది: "సంతకం కంటితో పెట్టాలి సిస్టర్, చేత్తో కాదు." ఇంకో లవంగం తీసింది. ఈసారి నమిలాను. మా గుంటూరమ్మాయి కూడా చెయ్యి చాపితే, "నీకు రెండు" అని రెండిచ్చింది.

బండిలో నాకు ఎందుకు కోపం వచ్చిందో, అదే నన్ను కాపాడింది. ఆవిడ నా మీద ప్రేమతో ఒక్క మాట తగ్గించి రాసి ఉంటే, ఆ ఓవర్‌కి విలువ ఉండేది కాదు. ఇది అర్థం కావడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. తర్వాత నేను వార్డు ఇన్‌ఛార్జి అయ్యాక ఎందరు పిల్ల నర్సులు నన్ను తిట్టుకున్నారో. బీరువా ముందు నిలబెట్టి, ఒక్కో సీసా వెలుతురికి పట్టి చూపించి, "ఇస్తలమ్త్" అని పైకి అనిపించేదాన్ని. మలయాళీ పిల్లలు, తెలుగు పిల్లలు, అందరూ అన్నారు.

అరీఫక్క పెద్ద హోదాలకి వెళ్ళింది. ఎక్కడ కొత్త పోలీసమ్మని ఒంటరిగా వేసినా మొదటి వారం ఆవిడ ఫోన్ వెళ్ళేది. దక్షిణాన సలాలా అయినా, తూర్పున సూర్ అయినా. "నువ్వు ఒక్కదానివి కాదు, నీ అవతల ఠాణాలో ఒకరున్నారు, పేరు రాసుకో" అనేదట. రిటైరైన రోజున ఆవిడ ఇచ్చిన ఓవర్ రెండున్నర గంటలు పట్టిందని బర్కా పోలీసమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

మొన్న ఆ సాయంత్రం ఫోన్ చేశాను. బర్కా పోలీసమ్మ హలో కూడా అనలేదు. కాగితాల చప్పుడు వినిపించింది. పుస్తకం. చదవడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున ఎన్ని గంటలకి పోయింది, రాత్రి ఏం తిన్నది, చివరగా ఎవరిని అడిగింది. చివరి స్నానం చేయించింది ఎవరెవరు: మొదటి బ్యాచ్ ఆడ పోలీసుల్లో ముగ్గురే మిగిలారు, ముగ్గురూ ఉన్నారు. దిండు కింద లవంగాలు పదకొండు. శ్మశానానికి మగవాళ్ళే వెళ్ళాలి కాబట్టి గుమ్మం దాకా తను వెంట ఉంది. అరీఫక్క పెద్దకొడుకు పాడె ఎత్తబోతే తను పట్టిన పట్టు వదల్లేదు.

"వాడికి అరవై ఏళ్ళొచ్చాయి సిస్టర్. నా ముఖంలోకి చూశాడు. వాళ్ళమ్మ దగ్గర పెరిగినవాడు కదా, తెలుసు వాడికి. ఇస్తలమ్త్ అన్నాడు. అప్పుడు వదిలాను."

అవతల కాగితం తిప్పిన చప్పుడు అయింది. చివరి వాక్యం చదివింది. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని నడిచే ఈ బర్కా పోలీసమ్మ, చేతికర్ర పక్కన పడేసి, గేటు దగ్గర నిటారుగా నిలబడిందట. బండి వీధి చివర మలుపు తిరిగి, దుమ్ము అణిగి, రోడ్డు ఖాళీగా కనిపించేదాకా వీపు తిప్పలేదు.